ఆలస్యపు చురక

ఉప్పుకారు 1వ రోజు. వేడి 41, తేమ 83.

పోలినాయుడు ఈరోజు కలుపుగది తాళంచెవి నా చేతిలో పెట్టాడు. పాముకి పాలు పోయడం అంటే ఇదే. ఆ సంగతి ఆయనకి తెలియదు. నాకు తెలుసు, ఇప్పుడు ఈ పుస్తకానికి తెలుసు.

పూతశాలకి ముప్ఫై ఏళ్ళుగా ఆయనే పెద్ద. సిరా కలిపే హక్కు పెద్ద ఒక్కడిదే. మేం పూతగాళ్ళం దాన్ని వేడిబల్ల మీద పోసి కత్తితో పరుస్తాం, ఆరాక నల్లగుడ్డ అంటించి, ఒక విడతదంతా ఒక చుట్టగా చుట్టి, వీపుపొరలుగా కోస్తాం, అంతవరకే మా పని. కుండలో ఏ ద్రావకం పోశాడో అడగకూడదు. అడిగితే "నీ సెయ్యి నువ్వు సూసుకో, నా కుండ నాకొగ్గీ" అంటాడు. ఇప్పుడు రెండు కళ్ళకీ శుక్లాలు దిగాయి. కొలపాత్ర మీద గీతలు కనబడక వేళ్ళతో తడుముకుంటున్నాడు.

"అసిరీ, ఇంతమంది ఉండగా నీకే ఎందుకిస్తన్నానో తెలుసా?" అన్నాడు.

"తెల్దు బావూ."

"మీ అప్ప సేసిన పనికి మిమ్మల్నిద్దర్నీ గట్టు దాటించీమన్నారు అందరూ. నానే అడ్డుపడ్డాను. ఆ ఇశ్వాసం నీకుంటాదని."

ఉంది. మూడేళ్ళుగా దాన్ని రోజూ నూరి పదును పెట్టుకుంటూనే ఉన్నాను. తాళంచెవి కళ్ళకద్దుకుని తీసుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఉప్పుకారు 2వ రోజు. వేడి 41, తేమ 85.

ఈ గట్టు మీద వీపుపొర లేకుండా ఎవరూ ఉప్పుమళ్ళలోకి దిగరు. ఈ తేమలో చెమట ఆరదు. ఒళ్ళు లోపల ఉడికిపోతున్నా మనిషికి తెలియదు. నవ్వుతూ మాట్లాడుతూనే పడిపోతాడు. ఒంటివేడి హద్దు దాటగానే పొరలో కరెంటు పెరిగి మెడ దగ్గరున్న గుండీకి చేరుతుంది, గుండీ గండుచీమలా చురక వేస్తుంది. చురక తగిలితే చేతిలో ఉప్పు లాగే పలక అక్కడే పడేసి నీడకి పరుగెత్తాలి. ఉప్పు లేకపోతే తాగునీటి పడవ రాదు. కాబట్టి మళ్ళలోకి దిగడం మానలేం.

కలుపుగదిలో రెండే పీపాలున్నాయి. ఒకటి తొందర, ఒకటి నిదానం. అసలు పేర్లు పీపాల చెక్క మీద ఉన్నాయి కానీ ఎవరూ పలకరు. తొందర పరిచిన మూడు నిమిషాల్లో ఎగిరిపోతుంది. నిదానం ఆరడానికి ఒక పూట పడుతుంది, కడుపులో తిప్పే వాసన, తారుదిబ్బల నుంచి కాచి తేవాలి. సిరాలో ఉండే పొడి రెండింట్లోనూ ఒకేలా కరుగుతుంది. కరిగినంతసేపూ తేడా ఉండదు, ఆరేటప్పుడే ఉంటుంది తేడా అంతా. నిదానంగా ఆరితే ఆ సన్నటి పోగులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని చాప అల్లినట్టు పడుకుంటాయి, వాటి మీదుగా కరెంటు చకచకా దాటిపోతుంది. ద్రావకం ఉన్నట్టుండి పారిపోతే పోగులు ఎక్కడివక్కడ చిక్కుపడి బిగుసుకుపోతాయి, కరెంటు ఆ చిక్కుల్లో దారి వెతుక్కుంటూ తిరుగుతుంది.

నిదానం పీపా పక్కన గోడ మీద సుద్దగీతలున్నాయి. ప్రతి ఉప్పుకారు ముందు పీపా అంచుదాకా నింపి, చివర ఎంతవరకు దిగిందో గీసి, పక్కన ఏడాది వేయడం పోలినాయుడి అలవాటు. ప్రతి ఏడాదీ గీత అంచుకి మూరెడు కింద ఉంది. మూడేళ్ళ కిందటి గీత మాత్రం అంచుకి రెండు వేళ్ళ కిందే ఉంది. రెండు వేళ్ళంటే ఒక్క కుండ. మూడువందల పొరలకి పన్నెండు కుండలు కావాలి.

మళ్ళీ వేళ్ళు పెట్టి కొలిచాను. ఒక్క కుండే.

ఉప్పుకారు 5వ రోజు. వేడి 42, తేమ 80.

ఇంట్లో మా అక్క నూకాలప్ప చేపల కూర వండింది. గరిటె పట్టుకోవాలంటే వేళ్ళకి గుడ్డ చుట్టుకుంటుంది. మూడేళ్ళ కిందట సభ ముందు ఆమె చేతులు తొందరలో ముంచి మూడుసార్లు కడిగించారు. తప్పు చేసిన పూతగాడికి గట్టు మీద అదే శిక్ష. ఆ తర్వాత ఎవరూ కత్తి అందించరు. అప్పుడు చర్మంలో నూనె అంతా పోయి తెల్లగా పగిలింది, ఇప్పటికీ మానలేదు. గట్టు మీద అంత సమంగా పరిచే చెయ్యి మరొకటి లేదు. నాకు కత్తి పట్టడం నేర్పింది ఆ చెయ్యే.

ఆ ఏడాది వడగాలి రోజున దూరపు మళ్ళలో పదకొండుమంది పడిపోయారు. చురకలు తగిలేసరికి ఒక్కరికీ లేచే శక్తి లేదు. సభలో పోలినాయుడు నిలబడి, "సిరా మంచిదే. ఆ పదకొండు ముక్కల్లోనే నూకాలు కత్తి జారి పలచబడ్డాది. మిగతా సుట్టంతా సుబ్బరమే" అన్నాడు. ఆ పదకొండు ముక్కలు శవాలతోబాటు మట్టిలోకి పోయాయి. మిగతావి మర్నాడే కరిగించేశారు. ఇక చూడ్డానికేముంది? అప్ప ఒక్క మాట అనలేదు. చేతులు చాచింది. బెదిరిపోయి నోరు పెగల్లేదనుకున్నాను.

మేం తింటుండగా కొండమ్మ వచ్చి మా వాకిట్లో ఉమ్మి పోయింది. ఆమె మొగుడు ఆ పదకొండుమందిలో ఒకడు. వారానికొకసారి వచ్చి ఉమ్మేసి వెళ్తుంది. అప్ప లేచి నీళ్ళు చల్లి, వచ్చి మళ్ళీ తినడానికి కూర్చుంది.

"ఒక్కనాడైనా ఎదురు తిరగవేటి అప్పా?" అన్నాను.

"మొగుణ్ణి పోగొట్టుకున్నాది. ఉమ్మనీ."

ఈ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇద్దరి కోపం నేనొక్కదాన్నే పడాల్సి వస్తోంది.

ఉప్పుకారు 8వ రోజు. వేడి 42, తేమ 84.

ప్రతి చుట్టలో తొలిముక్కనీ చివరిముక్కనీ పూతశాల దాచుకుంటుంది. తొలిముక్కని పూతగాడు తన వీపుకే కట్టుకుని మూడు రోజులు మళ్ళలో తిరుగుతాడు. వాడి ప్రాణానికి ఢోకా లేకపోతేనే మిగతావి పంచుతారు. చివరిముక్క ఎవరూ కట్టరు. చుట్ట చుట్టి రేకుడబ్బాలో పడేస్తారు. పూతగాడు బతికితే చుట్టంతా మంచిదేనని మా తాతల కాలం నుంచి నమ్మకం. తొలికుండకీ పదో కుండకీ మధ్య ఏం జరిగిందో తొలిముక్క ఎలా చెబుతుంది? ఈ మాట ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, సిగ్గుపడుతున్నాను.

ఆ ఏడాది డబ్బా కలుపుగది అటక మీద దొరికింది. రెండు ముక్కలకీ నల్లగుడ్డ మూల ఒలిచి చూశాను. తొలిముక్క నవనవలాడే వంకాయ రంగులో ఉంది. చివరిముక్క ఇటుకరాయిలా ఎర్రగా ఉంది. మందం కొలిచాను. రెండూ ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. మా అప్ప చెయ్యి జారలేదు.

రెండింటినీ కరెంటు కొలిచే ముల్లుపెట్టెకి తగిలించి వేడిపలక మీద పెట్టాను. తొలిముక్కకి ముల్లు వెంటనే లేచింది. చివరిముక్కకి నేను వంద లెక్కపెట్టినా ముల్లు బద్ధకంగా పాకుతూనే ఉంది. గుండీ హద్దుకి చేరేసరికి నాలుగు నిమిషాలైంది.

వడగాలిలో నాలుగు నిమిషాలు అంటే ఏమిటో కొండమ్మనడిగితే చెబుతుంది.

ఉప్పుకారు 11వ రోజు. వేడి 43, తేమ 81.

పోలినాయుడు తప్పించుకునే సందులన్నీ మూస్తున్నాను. కత్తి వేగం మారినా రంగు మారుతుందని అంటాడు, అందులో కొంత నిజముంది. అందుకని తొందరతో కలిపిన సిరాని వేగంగా పరిచాను, నత్తలా పరిచాను, బల్ల వేడి తగ్గించి పరిచాను. అన్నీ ఎర్రగానే వచ్చాయి. నిదానంతో ఎలా పరిచినా వంకాయ రంగే. కాబట్టి తప్పు కుండది.

తొందరతో పరుస్తుంటే కత్తి బల్ల చివరికి చేరకముందే మొదలు ఆరిపోతోంది. కళ్ళ ముందే. ఇది చూస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది కానీ దాన్ని పొమ్మన్నాను.

సాయంత్రం ఊరికే, చెయ్యి ఊరుకోక, తొందర కుండలో మూడు చుక్కలు నిదానం వేశాను. నూరు చుక్కలకి మూడు చుక్కలు. పొర అరగంటలో ఆరింది. రంగు చూస్తే వంకాయే. ముల్లు ఇంచుమించు తొలిముక్కలాగే లేచింది. తొందరంతా ఎగిరిపోయాక కూడా ఆ కాస్త నిదానం వెనకాల మిగిలి, పోగులు సర్దుకునేదాకా వాటిని తడిగా ఉంచుతుంది.

మూడు చుక్కలు! ఆనాడూ పీపా నిండుగా పక్కనే ఉంది. ఆయన చెయ్యి చాపితే అందేది. నేల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు ఆగాక ఇంకో సంగతి తేలింది. నాకు ఋజువు చాలదు. పోలినాయుడి ఒళ్ళు కావాలి.

ఉప్పుకారు 15వ రోజు. వేడి 43, తేమ 83.

పోలినాయుణ్ణి గట్టుపెద్దగా ఎన్నుకున్నారు. తొలిఉప్పు నాడు కొత్త పెద్ద ఉప్పుగంప తలకెత్తుకుని ఏడు తూముల వరకూ గట్టు మీద నడవాలి. ఆయన వీపుకి పొర కట్టిన పూతగాడు అదే చుట్టలో తొలిముక్క కట్టుకుని పక్కనే నడుస్తాడు. ఈ ఏడాది ఆ పూతగాణ్ణి నేనే.

మిఠాయి పంచుతూ ఆయన చాలా మాట్లాడాడు. మాటల్లో నేనడగకుండానే దొరికిపోయాడు.

"మూడేల్ల కితం ఉప్పుకారు పది రోజులు ముందొచ్చీసింది గుర్తుందా? మూడొందల పొరలు రెండ్రోజుల్లో తీసిస్తానని సభలో మాటిచ్చాను. ఇచ్చినమాట తప్పానేటి? గట్టు మీద ఎవడైనా తీసాడా అలగ?"

"ఎవలూ తియ్యనేదు బావూ. నిదానం ఆరడానికే పూట పడతాది గదా, ఎలగ తీసారు?"

మిఠాయి నములుతున్న దవడ ఒక్క క్షణం ఆగింది. "అనుభవం" అన్నాడు, నవ్వి నా తల నిమిరాడు.

ఇంతే. ఎవరి మీదా కక్ష లేదు, ఎవరూ బెదిరించలేదు. సభలో నలుగురి ముందు చెప్పిన గొప్ప కోసం. ఆ చెయ్యి నా తల మీద ఉన్నంతసేపూ దాన్ని తొందరలో ముంచి పట్టుకున్నట్టు ఊహించుకున్నాను. చెప్పరానంత హాయిగా ఉంది.

ఉప్పుకారు 20వ రోజు. వేడి 44, తేమ 82.

మళ్ళకి వెళ్ళేవాళ్ళందరికీ పొరలు పంచేశాను. ప్రతి కుండా నిదానంతోనే, ప్రతి చుట్టలోంచీ నడిమిముక్క ఒకటి తీసి ముల్లు చూశాకే. నా పగ పోలినాయుడొక్కడి మీదే. ఇంకొకరికి దాని సెగ తగలకూడదు.

ఆయన కోసం వేరే పొర సిద్ధం చేశాను. పాత చివరిముక్కకి కొత్త నల్లగుడ్డ, కొత్త గుండీ. నేను కట్టుకోబోయేది అదే చుట్టలోని తొలిముక్క. ఆచారం తప్పలేదు.

ఉప్పుకారు 21వ రోజు. తొలిఉప్పు. వేడి 45, తేమ 86.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దెక్కాక మొదటి తూము దగ్గర ఆయన వీపుకి పొర కట్టాను. "బిగించు, బిగించు" అన్నాడు. బిగించాను. గంప తలకెత్తారు. డప్పులు ముందు, మేమిద్దరం వాటి వెనక, మా వెనక నీళ్ళకుండతో కొండమ్మ, ఆ తర్వాత గట్టు గట్టంతా. చనిపోయినవాళ్ళ ఇళ్ళలోంచి ఒకరు నీళ్ళకుండ మొయ్యాలని సభ నియమం, ఈసారి కొండమ్మ వంతు వచ్చింది.

గాలి లేదు. రెండువైపులా మళ్ళు తెల్లగా కళ్ళలోకి పొడుస్తున్నాయి. మూడో తూము దాటగానే నా మెడ మీద చురక తగిలింది. ఉత్త చేతులతో నడుస్తున్న నాకే తగిలిందంటే, గంపెడు ఉప్పు మోస్తున్న అరవై ఏళ్ళ మనిషికి ఎప్పుడో తగలాలి. పక్కకి చూశాను. ఆయన నవ్వుతూ జనానికి చెయ్యి ఊపుతున్నాడు.

అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. లెక్కపెట్టడం మొదలెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగు నిమిషాలు, పదకొండుమందికీ దొరికినన్ని. నూరు దగ్గర ఆయన చెమట ఆగిపోయింది. నూటయాభై దగ్గర ఎవరినో చూసి వేరే పేరుతో పిలిచాడు. రెండువందలు దాటాక అడుగు వంకరగా పడింది. నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ప్రతి అంకె నోట్లో బెల్లంముక్కలా ఉంది. నా కళ్ళ ముందూ చీకట్లు కమ్ముతున్నాయి, అయినా లెక్క తప్పలేదు.

ఐదో తూము దగ్గర అడిగాను. "బావూ, మీకు చురక తగిలిందా?"

"నేదే. సల్లగానే ఉన్నాది."

"నాకు మూడో తూముకాడే తగిలింది."

ఆగాడు. గంప కింద నుంచి ఆ మసక కళ్ళు నా వైపు తిరిగాయి.

"మీ ఈపున ఉన్నది మూడేల్ల నాటి ఆకరిముక్క. మా అప్ప పరిసినాది."

"ఓసి నంజా..." అన్నాడు. కొండమ్మ వెనకనుంచి దగ్గరికొచ్చింది.

"మందం నాను కొలిసాను, ఎక్కడా జారనేదు. సెయ్యి జారిన పదకొండు ముక్కల్లో ఇది నేదు గదా? మిగతా సుట్టంతా సుబ్బరమే అని సభలో మీరే అన్నారు. కుండ మంచిదైతే ఈ పొర మంచిదే. కుండ మంచిది కాదంటే ఇక్కడే కూకోండి. మంచిదంటే నడండి బావూ."

ఇంకెవరైనా అయితే కూర్చుంటారు. పోలినాయుడు నడిచాడు. అంతమంది చూస్తుండగా ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆయన పుట్టుకలో లేదు. పళ్ళు బిగించి నడిచాడు. పది అడుగులు, ఇరవై. ఆరో తూము దగ్గర గంప జారింది, ఉప్పు మీద ఆయన పడ్డాడు.

"నిదానం పొయ్యనేదు" అన్నాడు. నాలుక మొద్దుబారి మాట ముద్దముద్దగా వచ్చింది, అయినా అందరికీ వినబడింది. "తొలికుండకే పోసాను. మిగతాదంతా తొందరే. రెండ్రోజులన్నాను గదా... రెండ్రోజులని మాటిచ్చీసాను గదా..."

కొండమ్మ కుండ పట్టుకుని ఆయన తల దగ్గర నిలబడింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"మా ఆయనకి ఎవలు పోసారు?" అంది.

 నాలుగు నిమిషాలూ ఎప్పుడో దాటిపోయాక, అప్పుడు ఆయన మెడ దగ్గర గుండీ చురక వేసింది. ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడింది. కొండమ్మ అది చూసి పళ్ళు పటపట కొరికి, కుండెడు నీళ్ళూ ఆయన తల మీద కుమ్మరించింది.

ఉప్పుకారు 23వ రోజు. వేడి 44, తేమ 80.

పోలినాయుడు బతికాడు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మళ్ళీ రాదంటున్నారు. సభ అప్ప మీద వేసిన తప్పు కొట్టేసింది. పూతశాల పెద్దగా నన్ను కూర్చోబెడతారట. ఇకనుంచి ప్రతి కుండకీ ఒక ముక్క, ఆ ముక్క కలిపినవాడి వీపుకే అని నేనో షరతు పెట్టాను, ఒప్పుకున్నారు.

ఆయన పొర ఎవరు మార్చారని అడిగారు, నేనే అన్నాను. మర్యాదకి రెండు చీవాట్లు పెట్టి వదిలేశారు. నీకు చురక తగలగానే చెప్పావా అని ఎవరూ అడగలేదు.

సంతోషంగా ఉంది. దాచుకోవడం ఎందుకు? రెండుసార్లు ఆయన ఇంటి ముందు నుంచి కావాలనే నడిచాను. మంచం మీద ఆ నోరు తెరుచుకుని మూసుకోవడం కిటికీలోంచి కనిపించింది. మూడోసారి కూడా వెళ్తాను.

ఉప్పుకారు 24వ రోజు. వేడి 44, తేమ 84.

ఈరోజు కొండమ్మ మా ఇంటికొచ్చింది. ఉమ్మడానికి కాదు. గిన్నెలో రొయ్యల వేపుడు పట్టుకొచ్చింది. అప్ప చేతులు రెండూ ముఖానికి ఆనించుకుని, "మూడేల్లు ఉమ్మాను తల్లీ, నా నోరు పడిపోను" అని ఏడ్చింది. అప్ప కదల్లేదు, కొయ్యబొమ్మలా నిలబడింది.

ఆమె వెళ్ళాక అప్ప తలుపు వేసి నా ఎదురుగా కూర్చుంది.

"నీకు సురక తగిలాక ఎంతసేపు ఊరుకున్నావు?"

అప్పకి తప్ప ఇంకెవరికీ తోచని ప్రశ్న. "నాలుగు నిమిసాలు" అన్నాను. "లెక్కెట్టాను."

తిడుతుందనుకున్నాను. తలూపింది.

"నాను రెండ్రోజులూ ఊరుకున్నాను."

"ఏటంతన్నావప్పా?"

"రెండో కుండ పోసినప్పుడే తెలిసిపోయింది. కత్తి బల్ల సివరికి సేరకముందే ఆరిపోతంటే నాకు తెల్దేటే? ఎర్రగా వచ్చింది. ఎల్లి పెద్దాయన్ని అడిగాను. 'తొలిముక్క బాగుంది గదా, నల్లగుడ్డ అంటించీ' అన్నాడు. అంటించాను. మూడొందలూ నానే అంటించాను. పెద్దాయనకి తెల్దా అనుకున్నాను. నిజం సెప్తే, అలగ అనుకోనేదు. గొడవెందుకని ఊరుకున్నాను."

 ఆ రోజు సభలో ఆమె ఎందుకు చేతులు చాచిందో ఇప్పుడు అర్థమైంది. వాకిట్లో ఉమ్మి పడితే ఎందుకు నీళ్ళు చల్లి ఊరుకుందో కూడా. తొందర కత్తి కింద ఆరుతున్నప్పుడు నాకొచ్చిన ఆలోచన ఇదే. రావద్దని పొమ్మన్నది ఇదే.

"కొండమ్మకి సెప్పీమంటావా?" అని అడిగింది. "నా సేతులట్టుకు ఏడిసింది. ఆ రొయ్యలు నాను తిననేను అసిరీ."

"ఊరుకో అప్పా" అన్నాను. అనేశాను, అంత సులువుగా. "ఇప్పుడు సెప్పి ఏటి లాబం? ఊరుకో."

అప్ప నా ముఖంలోకి చూసింది. ఆ చూపు తట్టుకోలేక లేచి వచ్చేశాను. కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం పోలినాయుడి మీద కాదు, అప్ప మీద. నేను మూడేళ్ళు ఎవరి కోసం నిద్రపోలేదో ఆ మనిషి మీద. ఆమెని కొట్టాలనిపించింది. కత్తి పట్టుకోవడం నేర్పిన ఆ వేళ్ళని తలుచుకుంటూ, పదకొండుమంది వీపుల మీది పొరలకి నల్లగుడ్డ అంటించింది అవేనని తెలిశాక, ఏం చెయ్యాలో తెలియలేదు.

ఉప్పుకారు 25వ రోజు. వేడి 43, తేమ 82.

రేపు సభలో నన్ను పెద్దగా కూర్చోబెడతారు. నేను వెళ్ళను.

పదకొండుమంది కోసమే పగబట్టానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అబద్ధం. అప్ప వేళ్ళ కోసం పగబట్టాను. వాళ్ళ చావు నాకు కత్తి నూరుకునే రాయిగా పనికొచ్చింది, అంతే. వాళ్ళ పగ వాళ్ళదే. దాన్ని నేను వాడుకున్నాను. తిరిగి ఇచ్చెయ్యాలి.

పొద్దున్నే కొండమ్మ ఇంటికి వెళ్ళి, నీకు చెప్పాల్సింది ఒకటుంది, మా ఇంటికి రమ్మన్నాను. నా ముఖం చూసి ఏమీ అడగకుండా వెంట వచ్చింది. ఇప్పుడు వాకిట్లో కూర్చుని ఉంది. అప్ప లోపల తలుపు పక్కన గోడకి ఆనుకుని ఉంది, తన చేతులు ఒళ్ళో పెట్టుకుని. పారిపొమ్మంటే పారిపోనంది.

ముగ్గురి పేర్లూ ఈ పుస్తకంలో ఉన్నాయి. పోలినాయుడు, నూకాలు, నేను. ఎవరిని ఏం చెయ్యాలో కొండమ్మ చూసుకుంటుంది. అప్పని ఏమన్నా నేను అడ్డుపడను అని రాస్తున్నాను. రాసేటప్పుడు మనసులో అడ్డుపడుతూనే ఉన్నాను.

ఆమెకి చదువు రాదు. మొదటి పేజీ నుంచి నేనే పైకి చదవాలి.